ఆగస్టులో ఫ్లాటు గురించి

చి.ల.సౌ. బుజ్జికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, చంటిది క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఉగాది నాడు రెండు నిమిషాలు మాట్లాడావు, అదీ మొహం కనపడకుండా. ఆ తర్వాత ఎప్పుడు చేసినా "మీటింగులో ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా" అంటున్నావు. ఉత్తరమైతే నీకు తీరికైనప్పుడు చదువుకుంటావు కదా అని మొదలుపెట్టాను. పోస్టులో పది పన్నెండు రోజులు పడుతుందన్నారు. పట్టనీ.

ఇక్కడ పెద్ద విశేషాలేమీ లేవు. కాలువలకి నీళ్ళు కట్టేశారు. పొద్దున్నే గట్టు మీద నడుస్తుంటే అడుగంతా బురద, గుంటల్లో మిగిలిన నీళ్ళలో పిల్లలు చేపలు పడుతున్నారు. దాళ్వా కోతలు అవుతున్నాయి. మీ అమ్మ ఆవకాయకి కాయ చూస్తోంది, టెంక ఇంకా ముదరలేదట. నీ వాటా చిన్న జాడీలో విడిగా పెడుతుంది, చంటిదానికి కారం తగ్గించి ఇంకో సీసా. పండుగాడు జూన్‌లో వచ్చి వెళ్తాడట, వాడిచేత పంపిస్తాం.

వాడి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మీ ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని వాడు కాకినాడ పిన్నితో అన్నాడట. పిన్ని నాకే చెప్పింది, మీ అమ్మకి చెప్పలేదు. నిజమైనా కాకపోయినా నాకు ఒక్క ముక్క చెప్పు. సరే, నేను రాయదలుచుకున్నది అది కాదు. ఆగస్టులో ఫ్లాటు గురించి.

నువ్వు పంపిన బుకింగ్ కాగితం అన్నయ్య ప్రింటు తీసి ఇచ్చాడు. మళ్ళీ మీ ఇంగ్లండులోని ఆ పాత బంగళా, ఫౌంటెన్స్ హాల్‌లోనే, వారం రోజులు, ఈసారి అన్నయ్యావాళ్ళు కూడా. అద్దె ఎంతో రాసి ఉండే చోట మాత్రం తుడిచేసి పంపావు. మీ అమ్మకి ఆ కాగితం చూసినప్పటి నుంచి కాలు నిలవడం లేదు. బీరువాలోంచి ఉన్ని శాలువా తీసి ఎండలో వేసింది, ఇంకా నాలుగు నెలలుందని చెప్పినా వినలేదు.

నాకు మాత్రం ఆశ లేదా? పోయినసారి అక్కడ ఉన్న ఐదు రోజులూ ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి. సాయంత్రం చూడ్డానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ఆ లోయంతా మన ఇంటి దొడ్డిలా అయిపోయేది. పక్షులు, ఏటి చప్పుడు, అంతే. 1600 ప్రాంతంలో స్టీఫెన్ ప్రాక్టర్ అనే ఆయన కట్టుకున్న ఇల్లు అది. పక్కన పాడుబడ్డ మఠంలో రాళ్ళు కూడా తెచ్చి కట్టాడని తెలిసి మీ అమ్మ "దేవుడి సొమ్ముతో కట్టిన ఇంట్లో వంటేమిటండీ" అని మొదటి పూట పొయ్యి దగ్గరికి వెళ్ళడానికే సందేహించింది. 1132లో 13 మంది సన్యాసులు యార్క్ నుంచి చలికాలంలో వచ్చి, ఒక చెట్టు కింద తలదాచుకుని, తిండి లేనప్పుడు ఆకులు ఉడికించుకుని తిన్నారట. అది నువ్వు చదివి చెప్పాక ఇక ఆ పాత ఇల్లూ, మఠమూ ఆవిడకి సొంతమైపోయాయి. కిటికీ దగ్గర నిలబడి పప్పుకి తిరగమోత వేసింది. చిన్న చిన్న గాజు పలకలు సీసంతో అతికిన కిటికీ అది. ఇనుప గడియ ఆగస్టులోనూ చల్లగా ఉండేది, పట్టుకుంటే అరచేతికి ఇనుము వాసన అంటేది. మిరపకాయ ఘాటు బయటికి పోవాలని మీ అమ్మ దాన్ని రెండు చేతులతో తోసింది. ఘాటు పోయింది, ఎక్కడో లేళ్ళ మంద కూత లోపలికొచ్చింది.

నాకు మాత్రం నీళ్ళే. మఠం దాటి కిందికి నడిస్తే స్టడ్లీ రాయల్ నీటి తోట. స్కెల్ అనే చిన్న ఏరు, మన లెక్కలో ఒక మోస్తరు పంట కాలువ. దాన్ని గీత గీసినట్టు తిన్నగా మళ్ళించి, పక్కన ఒక గుండ్రటి చెరువు, దానికి అటూ ఇటూ నెలవంకల్లా రెండు చెరువులు తవ్వారు. ఒడ్డున గుడిలాంటి కట్టడం, దాని స్తంభాలు నీళ్ళలో వంకర లేకుండా కనిపిస్తాయి. నీళ్ళు అలా అద్దంలా నిలబడాలంటే వాలు దాదాపు లేకుండా కట్టాలి, అంచు చుట్టూ ఒకే మట్టం రావాలి. 1718 ప్రాంతంలో మొదలుపెట్టి పార, పలుగులతో చేశారు. నేను ముప్పై ఏళ్ళు కాలువల పనిలో మట్టం చూసే లెవెలింగ్ పరికరం మోసినవాణ్ణి, అంత పెద్ద పనిలో ఆ అంచు అలా తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

చంటిదీ నేనూ ఆ కాలువలో ఎండుటాకు వదిలి పక్కనే నడిచాం. అది అడుగులు లెక్కపెట్టింది, నేను వాచీ చూశాను. ముప్పై అడుగులకి నిమిషం పైనే పట్టింది. పైన తేలే ఆకు వేగంలో నూటికి 85 వంతులు మాత్రమే మొత్తం నీటి వేగంగా లెక్క కట్టాలని చెబితే "ఎందుకు తాతయ్యా" అంది. అడుగున నేల పట్టుకుని లాగుతుంది కాబట్టి అన్నాను. వెంటనే వంగి నీళ్ళలోకి చూసింది, ఆ లాగేది కనిపిస్తుందేమోనని. దాని గౌను అంచు తడిసింది, నువ్వు నన్ను కోప్పడ్డావు.

అంత నెమ్మదిగా పారే నీళ్ళలో ఒండ్రు దిగకుండా ఉండదు. స్కెల్‌కి వరద వస్తే పై పొలాల మట్టంతా వచ్చి ఆ చెరువుల్లోనే కూర్చుంటుంది. అందుకే అక్కడా మనలాగే పూడిక తియ్యాలి, తీస్తూనే ఉండాలి. 1983 నుంచి పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థవాళ్ళు చూసుకుంటున్నారు. ఆ ఫ్లాట్ల అద్దెలూ ఆ ఖర్చుకి చేదోడే అనుకుంటే నాకు అద్దె మీద కోపం తగ్గుతుంది. కానీ ఇచ్చేవాళ్ళ దగ్గర ఉండాలి కదా తల్లీ.

ఆ తోట వేసినాయన కథ నువ్వే నాకు చెప్పావు. జాన్ ఐస్లబీ. బ్రిటన్ ఖజానా మంత్రి. 1720లో సౌత్ సీ అనే వ్యాపార కంపెనీ షేర్లు కుప్పకూలాయి. ఆ వ్యవహారంలో అవినీతి చేశాడని 1721లో పార్లమెంటు నుంచి వెళ్ళగొట్టి లండన్ టవర్‌లో పెట్టారు. బయటికొచ్చాక ఇంటికి చేరి, 1742లో పోయేదాకా ఈ నీళ్ళూ చెట్లూ చూసుకుంటూ గడిపాడు. ఆయన పోయాక కొడుకు విలియం ఆ మఠాన్ని కూడా కొని తోటలో కలిపాడు. ఐస్లబీ చేసింది తప్పే, నేను మెచ్చుకోవడం లేదు. పరువు దేశమంతా తెలిసేలా పోయినవాడు కూడా ఇంటికి రాగలిగాడు, పని చేసుకోగలిగాడు. ఏ తప్పూ చెయ్యకుండా ఉద్యోగం పోయినవాళ్ళకి దాచుకోవాల్సింది ఏముంటుంది? నీకు పోయిందని కాదు. పోతే అంటున్నాను.

పోతే కంగారుపడి మొదట దొరికినదాంట్లో చేరిపోకు. ఇంటి లోను వాయిదా, చంటిదాని బడి, కరెంటు, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఎన్ని నెలలకి సరిపోతుందో చూడు. మీకు శాశ్వత నివాసం వచ్చేసింది కాబట్టి వీసా బెంగ లేదు, అదొక్కటి దేవుడి దయ. కార్డు మీద గీకి సరుకులు తేవద్దు. అల్లుడుగారి దగ్గర ఏదీ దాచకు. పొద్దున్నే లేచి స్నానం చేసి కూర్చో, దుప్పట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పన్నెండు దాకా ఉండకు. ఇవన్నీ రాయకూడదనే కూర్చున్నాను, చెయ్యి ఆగలేదు.

రిపన్‌లో రాత్రి తొమ్మిదింటికి కొమ్ము ఊదే మనిషిని చూడ్డానికి వెళ్ళాం, గుర్తుందా. బజారు మధ్య స్తంభానికి నాలుగు మూలలా నిలబడి ఊదాడు. రోజూ రాత్రి ఊదుతారు, వందల ఏళ్ళుగా. పూర్వం ఊరికి రాత్రి కాపలా బాధ్యత వేక్‌మన్ అనే ఆయనదట, ఎవరింట్లో దొంగతనం జరిగినా నష్టం ఆయనే కట్టాలట. నువ్వు వీడియో తీస్తున్నావు. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఏమైంది నాన్నా అంటే చలిగాలికి కళ్ళు నీళ్ళు పెట్టాయన్నాను. చలికి కాదు.

ఇది మీకెవరికీ చెప్పలేదు, మీ అమ్మకి సగమే తెలుసు. 1986 వరద సంగతి నువ్వు వందసార్లు విన్నావు. ఫౌంటెన్స్ మఠాన్నీ ఆ తోటనీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందీ 1986లోనే అని అక్కడ చదివి ఆ అంకె దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. నేను చెప్పేది ఆ మరుసటి ఏడాది సార్వాలో. నాకు కొత్తగా పెళ్ళైంది. నా సెక్షన్‌లో ఒక పిల్లకాలువ గట్టు మీద రాత్రిళ్ళు తిరిగే లస్కరు ఉండేవాడు, నాకంటే పాతికేళ్ళు పెద్ద. లాంతరు, గొడుగు, చేతికర్ర. గట్టు అడుగున ఎక్కడ తడి ఊరినా చెప్పులు విప్పేసి కాలితో తడిమి చూసేవాడు. ఊట తేటగా ఉంటే భయం లేదు. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని, బుంగ పడుతోందని అర్థం. ఆ ముక్క పుస్తకంలో నేనూ చదివాను, కాలితో తెలుసుకోవడం నేర్పింది ఆయన.

ఒక రాత్రి ఒంటిగంటకి వచ్చి తలుపు కొట్టాడు. ఊట బురదగా వస్తోంది బాబూ అన్నాడు. వానలో మూడు మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి చూస్తే పీత కన్నం, నీళ్ళు తేటగానే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. నలుగురు కూలీల ముందు "కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చో" అని కసిరాను. ఆయన లాంతరు వత్తి తగ్గించి "చిత్తం బాబూ" అన్నాడు.

పది రోజులకి అదే గట్టు మీద ఇంకోచోట నిజంగానే బుంగ పడింది. రాత్రి పదింటికే చూశాడు. అప్పటికి బొటనవేలంత. నా గుమ్మందాకా వచ్చాడట. లోపల దీపం ఆరిపోయి ఉందట. మళ్ళీ లేపితే ఏమంటానోనని వెనక్కి వెళ్ళిపోయాడు. బుంగని నీళ్ళవైపు నుంచి మూయాలి, బయటినుంచి కుక్కితే నీళ్ళు పక్కనుంచి దారి చేసుకుంటాయి. ఆయనకి తెలియక కాదు. కాలువలోకి దిగాలంటే గట్టు మీద తాడు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఒక్కడే, గడ్డి మోపులూ మట్టి తట్టలూ వేస్తూ తెల్లవార్లూ బయటినుంచే కుక్కాడు. ఇద్దరం ఉంటే నాలుగు ఇసుక బస్తాలతో అయిపోయే పని. తెల్లారేసరికి నలభై అడుగుల గండి. నాలుగు రోజుల క్రితం వేసిన నాట్లు నీళ్ళ మీద తేలుతున్నాయి. నేను వెళ్ళేసరికి ఆయన మోకాలి లోతు నీళ్ళలో గడ్డి మోపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మొదట అన్న మాట, "లేపుదామనే వచ్చాను బాబూ."

తప్పు నాదని రాసిచ్చాను. ఒక ఇంక్రిమెంటు పోయింది, అది లెక్కలోది కాదు. ఆయన రిటైరయ్యేదాకా మళ్ళీ రాత్రిపూట నా తలుపు కొట్టలేదు. ఏదున్నా పొద్దున్నే వచ్చి చెప్పేవాడు.

మూడేళ్ళ కిందట నువ్వు ఉద్యోగం మారతానన్నప్పుడు ఫోనులో నీతో "నీకు ఎక్కడా కుదురు లేదు" అన్నాను. అల్లుడుగారు పక్కనే ఉండి విన్నారని తర్వాత తెలిసింది. ఆ మాట నేను అనకూడదు. అప్పుడే చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను.

ఇక ఫ్లాటు. రద్దు చేస్తే ఎంత తిరిగిస్తారో, ఏ తేదీలోపు చెయ్యాలో ముందు కనుక్కో. మీ అమ్మ సంగతి నాకొదిలెయ్యి. ఆ మెట్లు ఎక్కడం ఆవిడ మోకాళ్ళకి కష్టమని నేనే వద్దన్నానని చెబుతాను. రద్దు చెయ్యడం నీకు ఇష్టం లేకపోతే అద్దెలో సగం నాది, జూన్‌లో ఒక డిపాజిట్టు చేతికొస్తుంది, దానికి వేరే ఖర్చేమీ పెట్టుకోలేదు. ఒకవేళ పండుగాడు ఏదో విని ఏదో చెప్పాడు, నీ ఉద్యోగం నిక్షేపంలా ఉంది అనుకో, మరీ మంచిది. ఆగస్టులో నేను కొలత టేపు పట్టుకొస్తాను. చంటిదాని అడుగులు పెరిగి ఉంటాయి, పాత లెక్క సరిపోదు.

అక్కడ ఏప్రిల్‌లోనూ చలేనని విన్నాను. దానికి చెవులు కప్పు. దగ్గుంటే రాత్రిపూట పెరుగు పెట్టకు. నువ్వు చిక్కిపోయావని ఫొటో చూసి మీ అమ్మ అంటోంది. పొద్దున్న కాఫీ ఒక్కటే తాగి ఊరుకోకు, ఇడ్లీపిండి రుబ్బుకోలేకపోతే అటుకులైనా తిను.

ఈ ఉత్తరం అందాక వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి ఫోను చెయ్యి. మీకు మధ్యాహ్నం ఒకటిన్నర. మీ అమ్మ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తుంది, ఏడున్నర దాకా రాదు. నేను అరుగు మీదే కూర్చుని ఉంటాను. ఆ వేళ కుదరకపోతే ఎప్పుడైనా సరే, రాత్రి ఒంటిగంటకైనా సరే. ఫోను తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాను, గంట పెద్దగా వినపడేలా అన్నయ్యచేత పెట్టించాను.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. ఆ బుకింగ్ కాగితం తుడవకుండా ఇంకోసారి పంపు.