సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్న వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. మన ఖగోళ సంఘం ఏం చేస్తుందో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. మబ్బు లేని నెలల్లో టెలిస్కోపు పట్టుకుని బడులకు వెళ్లాం. వానాకాలం ఎప్పటిలాగే పోయింది.

ఈ ఏడాది మనం గర్వపడాల్సింది చొల్లంగి అమావాస్య రాత్రి. శాలిహుండానికి ఈవల, సభ్యుడొకరి కళ్లంలో కెమెరా నిలిపి, మిథున రాశి పాదం దగ్గరున్న రెండు నిహారికలను, అంటే నక్షత్రాల మధ్య వాయు మేఘాలను, ఒకే ఫొటోలో పట్టాం. ఒకటి జెల్లీఫిష్ నిహారిక, జాబితాల్లో దాని పేరు ఐసీ 443. వేల ఏళ్ల కిందట పేలిపోయిన నక్షత్రపు శేషం, సుమారు 5,000 కాంతి సంవత్సరాల దూరం. పక్కనే రెండో నిహారిక, షార్ప్‌లెస్ 249. రెండింటి ఎరుపూ హైడ్రోజన్‌దే, తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు. కాకపోతే 249లో వాయువును వెలిగించేది వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతి. 443లో పేలుడు తరంగం వెళ్లి వాయువును గుద్దుతోంది. అందుకే ఫొటోలో 249 పొగలా పరుచుకుంది, 443 పీచులు పీచులుగా కనిపిస్తోంది. హాల్లో పెట్టాం, దగ్గరికెళ్లి చూడండి.

మామూలు కెమెరాలో సెన్సారు ముందున్న ఫిల్టరు ఈ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. దాన్ని తీయించి కెమెరాను సంఘానికే ఇచ్చేసిన సభ్యుడు పేరు వేయొద్దన్నారు. ఆయన మేలు మరువలేం.

మన శ్రీకాకుళంలో ఆ రోజుల్లో రాత్రి పదింటికల్లా జెల్లీఫిష్ నడినెత్తికి వస్తుంది. సరిగ్గా అప్పుడే మంచు దిగింది. లెన్సుకు తేమ పట్టకుండా వెచ్చగా ఉంచే హీటరు పట్టీ పవర్‌బ్యాంకు అయిపోయి ఆగిపోయింది. టీకి తెచ్చిన వేడినీళ్లు సీసాలో పోసి, తువ్వాలు చుట్టి లెన్సు కింద కట్టింది ఇంటర్ చదివే మన సభ్యురాలే. మూడేసి నిమిషాల ఫ్రేములు 48 తీస్తే మంచుకు 11 పోయాయి. మిగతా 37, అంటే గంటా 51 నిమిషాల వెలుగు, ఒకదానిమీద ఒకటి కలపడానికి ఆ అమ్మాయికి వారం పట్టింది.

ఆ రాత్రికి పేర్లిచ్చింది 14 మంది, వచ్చింది ఐదుగురం. బాధగానే రాస్తున్నాను. జంక్షన్‌లోని హైమాస్ట్ లైటు ఒక్క రాత్రి ఆపమని మూడుసార్లు అర్జీ పెట్టాం, జవాబే లేదు. చివరికి కళ్లం చుట్టూ టార్పాలిన్ కట్టుకున్నాం.

జమాఖర్చులు ఆడిటరు గారు చూశారు, కాగితం అందరికీ ఇచ్చాం. కళ్లం ఇచ్చిన రైతు కుటుంబానికి, ఆ చలిలో మాకు అన్నం వండి పెట్టిన ఆ ఇంటి అమ్మకు, బడుల్లో సహకరించిన మాస్టార్లకు, హాలు అద్దె తీసుకోని పెద్దలకు ధన్యవాదాలు.

వచ్చే చలికాలం మళ్లీ అక్కడికే వెళ్తాం. బ్యాటరీ మోయడానికి ఇద్దరు, తెల్లారేదాకా మేలుకోవడానికి నలుగురు కావాలి. తప్పకుండా రాగలిగినవారే పేర్లివ్వండి.