ఆప్షన్లు పెడుతున్నది పిల్లలు కాదు, మంత్రిగారూ

రాష్ట్ర విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీల రసీదులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబులే రాలేదు. ఇంక బహిరంగంగా రాయక తప్పలేదు.

ఇంజినీరింగ్‌లో ఏ బ్రాంచి, ఏ కాలేజీ అన్నది మా జిల్లా పిల్లలు తేల్చుకుంటున్నారని తమరు అనుకుంటున్నారు కాబోలు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ అయ్యాక, కావలసిన కాలేజీలు, బ్రాంచిలు వరసగా ఆన్‌లైన్లో పెట్టే ఆప్షన్ల రోజుల్లో పలాసలోనో కొత్తూరులోనో ఒక నెట్ సెంటర్ ముందు పది నిమిషాలు నిలబడండి. హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ, పాస్‌వర్డ్ అన్నీ పిల్లల్ని చేర్పించే ప్రైవేటు కాలేజీ మనిషి, పీఆర్వో చేతిలోనే. "మీరు కాలు కదపక్కర్లేదు, మేమే పెడతాం, బస్సు ఫీజు చూసుకుంటాం" అంటాడు. లిస్టులో పై వరసలన్నీ అతని కాలేజీ కోడే: సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), అందులోనే ఏఐ చదువు సీఎస్‌ఎం, డేటా సైన్స్ చదువు సీఎస్‌డీ, ఆ తర్వాత ఈసీఈ (ఎలక్ట్రానిక్స్). విజయనగరంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం జేఎన్‌టీయూ గురజాడ ఎక్కడో అడుగున ఉంటుంది, లేదా ఉండనే ఉండదు.

సీటు ఎలా పడుతుందో తమకు తెలియనిది కాదు. ర్యాంకు వరసలో ఒక్కొక్కరి లిస్టు పైనుంచి చూస్తూ, ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగిపోతుంది. 90 వేల ర్యాంకుకూ సీటు దొరికే కాలేజీని 20 వేల ర్యాంకు పిల్లాడి లిస్టులో మొదట పెడితే వాడికి అదే గతి, కింద ఎంత మంచి కాలేజీ ఉన్నా. ఆప్షన్లు మార్చుకోవడానికి ఒక రోజు ఇస్తారు, నిజమే. పాస్‌వర్డ్ లేనివాడు ఏం మారుస్తాడు? రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది పోతుందన్న ముక్క చెప్పేవాడు కూడా ఉండడు.

తల్లిదండ్రులను లొంగదీసే మాట ఒకటుంది: "మా దగ్గర పెట్టకపోతే సీటు రాదు, స్పాట్‌లో (మిగిలిన సీట్లలో కాలేజీలోనే నేరుగా) చేరితే ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు." రెండోది నిజం కాబట్టి మొదటి అబద్ధమూ చెల్లిపోతోంది. ఆడపిల్ల అయితే లెక్క ఇంకా చిన్నది: కాలేజీ బస్సు ఊళ్లోకి వస్తుందా, రాదా. అంతే, బ్రాంచి ఖాయం. పక్కన భోగాపురంలో విమానాశ్రయం లేస్తుంటే, కట్టడాల చదువైన సివిల్ ఇంజినీరింగ్ పేరు ఇంట్లో ఎత్తితే పెళ్లి చెడినట్టు చూస్తారు. తప్పు వాళ్లదనలేం. గోడల మీద ప్లేస్‌మెంట్ పోస్టర్లు తప్ప వాళ్లకు ఇంకేం కనపడుతుంది? ఒక్కడికి మూడు ఆఫర్లొస్తే అక్కడ మూడు ఉద్యోగాలుగా లెక్క. చేరినవాళ్లెందరో ఉండదు.

ఇచ్ఛాపురం నుంచి జిల్లా కేంద్రం శ్రీకాకుళం వెళ్లి ఆప్షన్ల సంగతి ఎవరినైనా అడుగుదామంటే వంద కిలోమీటర్లు పైమాటే. పీఆర్వో మాత్రం గడప దాకా వస్తాడు.

మేం కొత్త పథకం అడగడం లేదు. ఆప్షన్ల రోజుల్లో ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఒక కంప్యూటరు, ప్రింటరు, విషయం తెలిసిన ఒక లెక్చరర్. నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో తెలుగులో అచ్చేసి నోటీసు బోర్డుకు అంటించండి. ఉద్యోగాలను ఆఫర్లతో కాదు, తలలతో లెక్కపెట్టించండి. దీనికి కూడా నిధులు లేవంటే ప్రింటరు మేమే చందాలేసి కొంటాం, లెక్చరర్‌ను పంపండి చాలు.

ఇట్లు,
ఇంటర్ ఎంపీసీ విద్యార్థుల తల్లిదండ్రులు, అధ్యాపకులు,
శ్రీకాకుళం జిల్లా