రిమాండ్ రోజునే పిల్లల గురించి అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను షిప్‌యార్డులో ముప్పై రెండేళ్లు వెల్డర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మల్కాపురంలో ఉంటాం. మా చిన్నల్లుడు వ్యాన్ డ్రైవరు. గంజాయి కేసులో అరెస్టయి తొమ్మిది నెలలుగా అడవివరం సెంట్రల్ జైల్లో రిమాండ్‌లో ఉన్నాడు. వ్యాన్‌లో ఏముందో అతనికి తెలుసా, తెలియదా అన్నది కోర్టు తేలుస్తుంది. తప్పు చేసి ఉంటే శిక్ష పడాల్సిందే. తొమ్మిదేళ్ల మనవరాలు, అయిదేళ్ల మనవడు ఇప్పుడు మా ఇంట్లో ఉన్నారు. ఈ ఉత్తరం వాళ్ల గురించి.

అరెస్టు చేస్తే ఇంట్లోవాళ్లకు తెలియజేయాలని చట్టంలో ఉంది. ఆ రాత్రే మాకు ఫోన్ వచ్చింది. స్టేషన్‌లో, కోర్టులో, జైలు గేటు దగ్గర పేరు, వయసు, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలతో సహా అన్నీ రాసుకున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా, వాళ్లను ఎవరు చూసుకుంటున్నారు అని ఆ మూడు చోట్లా ఒక్కరూ అడగలేదు.

నాన్న ఓడ మీద పనికి వెళ్లాడని పిల్లలకు చెప్పాం. అలా చెప్పకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ పూట ఇంకో మాట తోచలేదు. ఒక ఆదివారం బీచ్ రోడ్డుకు తీసుకెళ్తే, దూరంగా లంగరేసి ఉన్న ఓడల్ని చూసి "తాతా, నాన్నది ఏదీ?" అని అడిగాడు చిన్నోడు. నేనో ఓడ చూపించాను. మళ్లీ ఆదివారం వెళ్లేసరికి అది అక్కడ లేదు. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు.

పెద్దదానికి బడిలోనే తెలిసిపోయింది. పక్క బెంచీ పిల్ల "మీ నాన్న జైల్లో ఉన్నాడంట కదా" అందట. నాలుగు రోజులు బడికి పోనని మొరాయించింది. అయిదో రోజు సాయంత్రం వాళ్ల క్లాస్ టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. ఎందుకు రాలేదని అడగలేదు. నోట్సు ఇచ్చి, "రేపటి నుంచి హాజరు పుస్తకం నువ్వే తేవాలమ్మా" అని వెళ్లింది. మర్నాడు మా గుంట తనే జడ వేసుకుని బయలుదేరింది. ఆవిడకు ఎవరూ చెప్పి చేయించలేదు, తనకు తోచి చేసింది. ఆవిడకు ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను. కానీ అలాంటి టీచర్ దొరకని పిల్లల సంగతేమిటన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

డబ్బు సంగతి వేరే చెప్పాలా? గంజాయి 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ అంటారు. బెయిలు దొరకడం బాగా కష్టం. ఛార్జిషీటు వేయడానికే 180 రోజుల గడువు ఉంటుంది. వ్యాన్ సీజ్ చేశారు, దాని మీద ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. మా అమ్మాయి అచ్యుతాపురంలో బట్టల కంపెనీకి పోతోంది. ప్లీడరు ఫీజుకు పుస్తెలు తప్ప ఉన్న బంగారమంతా కుదువ పెట్టాం. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా, 15100కు ఫోన్ చేసినా సాయం చేస్తారని ఆ తర్వాత తెలిసింది. నాలాంటి వాళ్లు ఇంకెవరైనా చదువుతారని ఆ నంబరు ఇక్కడ రాస్తున్నాను.

మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఆదరవు లేని పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారని విని ఒక ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన కాగితాలు తిరగేసి "తండ్రి డెత్ సర్టిఫికెట్ ఏది?" అన్నాడు. బతికే ఉన్నాడు బాబూ, జైల్లో ఉన్నాడు అన్నాను. నా వెనక పాతికమంది నిలబడి ఉన్నారు. ఆ మాట అంత గట్టిగా నా చేత చెప్పించకుండా ఉంటే బాగుండేది. జైలువాళ్ల పిల్లలకు వర్తిస్తుందో లేదో పైవాళ్లను అడగాలన్నాడు. ఇంతవరకూ జవాబు లేదు. రాజస్థాన్‌లో పాలన్‌హార్ పథకంలో యావజ్జీవ శిక్ష పడినవాళ్ల పిల్లలను పేరుపెట్టి చేర్చారు. కేరళలో ఖైదీల పిల్లల చదువుకు ప్రభుత్వం సాయం చేస్తోంది. మన దగ్గర కూడా అలా స్పష్టంగా రాసి, కౌంటర్‌లో కూర్చునే మనిషికి తెలిసేలా చేస్తే చాలు.

2006లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ అని మన రాష్ట్రం పేరు మీదే ఉంది. జైల్లో తల్లి దగ్గర ఆరేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లకు తిండి, వైద్యం, చదువు, ఆట అన్నీ ఎలా చూడాలో అందులో చెప్పారు. చాలా మంచి తీర్పు. గోడకు లోపలున్న బిడ్డ కోసం అంత ఆలోచించారు. తండ్రి లోపల, తాము బయట ఉన్న పిల్లల్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ములాఖత్‌కు పిల్లల్ని తీసుకెళ్లాలంటే ఒక రోజంతా పోతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు మారి, హనుమంతవాకలో దిగి, ఆరిలోవ మీదుగా షేర్ ఆటోలో వెళ్లాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితం కావడంతో మా అమ్మాయికి ఆ ఖర్చు తగ్గింది గానీ, కూలి పోవడం తప్పదు. మేం వెళ్లిన రోజులన్నీ బడి రోజులే. మాట్లాడేది కాసేపే. ఆ కాసేపట్లోనే చిన్నోడు వాళ్ల నాన్నకు ఊడిన పన్ను చూపించాడు. దాని కోసం పొద్దున్నుంచీ నోరు తెరిచే ఉన్నాడు.

అధికారులను నేను అడిగేది పెద్ద పని కాదు. మనిషిని జైలుకు పంపే రోజున రాసే కాగితంలోనే పిల్లల పేర్లు, వయసు, బడి, ఎవరి దగ్గరున్నారు అన్నవి రాయించండి. ఆ కాగితం జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చేరాలి. వారంలోగా అక్కడి నుంచి ఒక మనిషి, యూనిఫాం లేకుండా, ఇంటికి రావాలి. డబ్బు తేకపోయినా పరవాలేదు. ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పి, బడిలో ఒక్క టీచర్‌తో మెల్లగా మాట్లాడి వెళ్తే చాలు. బడి ఈడు పిల్లలకు ములాఖత్ ఆదివారమో, సాయంత్రం పూటో ఇవ్వండి.

మాకు మళ్లీ ములాఖత్ వచ్చే బుధవారం. ఆ రోజే పెద్దదానికి లెక్కల పరీక్ష. నాన్న దగ్గరికే వస్తానంటోంది.

ఇట్లు,
ఒక తాత,
మల్కాపురం, విశాఖపట్నం
(పిల్లల కోసం నా పేరు ప్రచురించవద్దని మనవి.)