కత్తెర పడుతున్నది ఎవరి మీద?

సంపాదకులకు నమస్కారం.

ఏటా సెప్టెంబరు 21న గురజాడ జయంతి సందర్భంగా కళాశాలల్లోనూ సాహిత్య సభల్లోనూ కన్యాశుల్కం ఘట్టాలను ప్రదర్శిస్తుంటారు. ఏడంకాల నాటకాన్ని గంటన్నరకు కుదించక తప్పదని ఒప్పుకుంటాను. అయితే నేను చూసిన ప్రదర్శనల్లో ఆ కత్తెర ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడింది. శిష్యుడు వెంకటేశానికి మాటకారి మోసగాడు గిరీశం చేసే ఉపన్యాసాలు, పూటకూళ్లమ్మ చీపురుదెబ్బలు, అగ్నిహోత్రావధాన్ల కేకలు తప్పకుండా ఉంటాయి. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకిచ్చే పెళ్లిని ఆపలేక నూతిలో పడ్డ అగ్నిహోత్రావధాన్ల భార్య వెంకమ్మగానీ, తండ్రి లుబ్ధావధాన్ల ఇంట్లో వితంతువుగా నలిగిపోతున్న మీనాక్షిగానీ కనబడరు. వాళ్లు పోగా మిగిలేది మాటకారి మగవాళ్ల హాస్యం. గిరీశం మీద నవ్వవలసిన ప్రేక్షకులు గిరీశంతో కలిసి నవ్వి ఇళ్లకు వెళ్తున్నారు.

1892లో విజయనగరంలో తొలిసారి ఆడి, 1909లో దాదాపు కొత్తగా రాసి అచ్చువేసిన ఈ నాటకంలో హాస్యానికి ఇరుసు రెండు మారువేషాలు. సుబ్బి పెళ్లిని తప్పించడానికి, ఆమె మేనమామ కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధాన్లకు పెళ్లికూతురవుతాడు. పిల్ల ఎవరో, ఎలాంటిదో అక్కరలేదు, బేరం కుదిరితే చాలుననుకునే పెళ్లిలో మగపిల్లవాడైనా చెల్లిపోతాడన్నది అక్కడి ఎత్తిపొడుపు. రెండోది వేశ్య మధురవాణిది. వేశ్యల నాట్యాన్ని (నాచ్‌) వ్యతిరేకించే సంస్కర్త, వకీలు అయిన సౌజన్యారావు పంతులు వేశ్యల ముఖం చూడరు గనుక, ఆయన దగ్గరకు వెళ్లి మాయమైన పెళ్లికూతురిని చంపాడన్న కేసు నుంచి లుబ్ధావధాన్లను బయటపడేసే దారి చెప్పాలంటే ఆమె మగవేషం వేసుకోవలసివచ్చింది. సంస్కర్త గుమ్మం దాటడానికి కూడా ఆడది ఆడదిగా వెళ్లలేకపోవడాన్ని గురజాడ ఎంత నేర్పుగా చూపించారో! మొదటి వేషాన్ని మనవాళ్లు బ్రహ్మాండంగా ఆడతారు. రెండోదానికి వచ్చేసరికి సమయం చాలదు.

అగ్నిహోత్రావధాన్ల పెద్దకూతురు బుచ్చమ్మ సంగతి మరీ కష్టం. చిన్నతనంలోనే ముసలివాడికి కట్టబెట్టి, వితంతువయ్యాక ఆమె ఆస్తి కోసం వ్యాజ్యమాడే తండ్రి ఒకవైపు, వితంతు వివాహం పేరుతో లేవదీసుకుపోయే గిరీశం మరొకవైపు. చివరకు సౌజన్యారావు ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపడానికి నిశ్చయిస్తాడు. అది మంచి నిర్ణయమే. అయినా ఆమె ఏమంటుందో మనకు వినబడదు. దీన్ని రచయిత లోపమనడం తొందరపాటని నా అభిప్రాయం, ఆ కాలపు సంస్కరణ ఎంతవరకు వెళ్లగలిగిందో అది చూపుతోంది. విద్యార్థులతో చర్చించవలసిన చోటు అదే. దానికి బదులు "డామిట్, కథ అడ్డంగా తిరిగింది" అన్న గిరీశం కేకతో తెర దించేస్తున్నాం.

ప్రభుత్వ నిధులతో ప్రదర్శనలు ఏర్పాటు చేసే సంస్థలకు నా విన్నపం ఒక్కటే. ఎంత కుదించినా వెంకమ్మ, మీనాక్షి రంగాల్లో కనీసం ఒక్కొక్కటి ఉంచాలి, మధురవాణి మగవేషంలో సౌజన్యారావును కలుసుకునే రంగాన్ని పూర్తిగా ఆడాలి. అందుకు గిరీశం ఉపన్యాసాల్లో ఒకటి తగ్గించినా నష్టం లేదు. అవి మనలో చాలామందికి కంఠస్థమే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం