నైరోబీ పోయే ముందు

నల్లగొండ

బిడ్డా,

కెన్యా టికెట్టు ఖాయమైందని చెప్పినవు, సంతోషం. సూట్‌కేసు సంగతి తర్వాత, ముందు సూది సంగతి చూడు.

ఎల్లో ఫీవర్ అంటే దోమ కుడితే వచ్చే వైరస్ జ్వరం, దాని టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తరు. మనకు దగ్గరిది హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకొని, అసలు పాస్‌పోర్టు పట్టుకొని పో. ఇండియా నుంచి నేరుగా పోయేవాళ్లను కెన్యాలో ఈ టీకా వేసుకున్నట్టు ఇచ్చే కార్డు అడగకపోవచ్చు. అడిగేది మనోళ్లే, నువ్వు తిరిగొచ్చినప్పుడు. అది లేకుంటే ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి పంపరు, 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతరు. ఆ వైరస్ ఒంట్లో పొదిగే కాలం అంత. పోయేటప్పుడు అడగలేదు కదా అని వదిలేసిన వాళ్లు ఇక్కడే చిక్కుకుంటరు.

1వ తేదీన సూది వేయించుకుంటే కార్డు 11 నుంచే చెల్లుతుంది. పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, బ్యాచ్ నంబరు, సంతకం, ముద్ర అన్నీ అక్కడ నిలబడే సరిచూసుకో. ఒక్క డోసు జన్మంతా చెల్లేటట్టు 2016లో నియమం మారింది, కాబట్టి కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచు. ఇది బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకా. గుడ్డు అస్సలు పడనివాళ్లు, గర్భిణులు ముందే డాక్టరుకు చెప్పాలె. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటి ఇంకో లైవ్ టీకా, అంటే ఇట్లాంటి వైరస్‌తోనే చేసింది, కావాల్సి వస్తే రెండూ ఒకే రోజు వేయించుకోవాలె, లేదంటే 4 వారాల ఎడం ఉండాలె. ప్రయాణానికి నెలన్నర ముందే ఈ పని మొదలుపెట్టమని నేను చెప్పేది ఇందుకే.

ఇగ మలేరియా. నైరోబీ ఎత్తు మీదున్న చల్లటి ఊరు, అక్కడ భయం తక్కువ. ఆఫీసు పని మీద మొంబాసా తీరానికో, విక్టోరియా సరస్సు పక్కన కిసుముకో పంపితే మాత్రం ముందు జాగ్రత్త గోలీలు కావాలె. డాక్టరు అటోవాక్వోన్-ప్రోగువానిల్ రాస్తే, పోయే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజూ అన్నం తిన్నంక వేసుకో, ఆ ప్రాంతం వదిలినంక ఇంకో 7 రోజులు సాగించు. డాక్సీసైక్లిన్ అయితే వదిలినంక 4 వారాలు సాగాలె. అది నిండు గ్లాసు నీళ్లతో మింగు, వెంటనే పండుకోకు, గొంతు కింద పుండు పడుతది. ఊరు దాటినం కదా అని మధ్యలో ఆపితే, కాలేయంలో దాగిన క్రిములు తర్వాత రక్తంలోకి వస్తయ్. గోలీలు వేసుకున్నా సరే, పొద్దుగూకినంక చేతులు కప్పే బట్టలు, డీట్ అనే దోమలను తరిమే మందున్న క్రీము, దోమతెర తప్పవు. ఇంటికొచ్చినంక నెలల తర్వాత జ్వరమొచ్చినా, కెన్యా పోయివచ్చిన అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పు. అదే రోజు రక్త పరీక్ష చేయించు.

నీ థైరాయిడ్ గోలీలు, చీటీతో సహా, చేతి బ్యాగులో పెట్టు. చీటీ మీద కంపెనీ పేరే కాక మందు అసలు పేరు కూడా రాయించు, అక్కడి దుకాణంలో ఆ పేరుతోనే దొరుకుతది. పవర్ బ్యాంకు కూడా చేతి బ్యాగులోనే, చెక్-ఇన్ సామాన్లలో వేస్తే తీసేస్తరు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు పెట్టుకో. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపి తాగకు, ఉప్పు ఎక్కువై మేలు కన్నా కీడు అయితది.

కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. సకినాలు స్టీలు డబ్బాలో పెట్టమని అమ్మకు చెప్పిన, నువ్వు క్యారీ బ్యాగుల్లో చుట్టకు.

సూది వేయించుకున్న రోజు కార్డు ఫొటో నాకు పంపు.

మీ నాయిన