ప్రధానోపాధ్యాయురాలి లేఖ: నీళ్ల ట్యాంకు చప్పుడు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల సైన్స్ ప్రదర్శన గురించి రాద్దామనుకున్నాను. దాన్ని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను. పోయిన శుక్రవారం మన పాత విద్యార్థిని ఒకరు వచ్చి, పాలస్తీనాలో తను చూసిన జీవితం గురించి తొమ్మిది, పది తరగతుల పిల్లలతో మాట్లాడింది. సాయంత్రానికల్లా నాకు మూడు ఫోన్లు వచ్చాయి. ఒకరు "మేడం, బడిలో ఈ రాజకీయాలు ఎందుకు?" అని అడిగారు. ఇంకొకరు "మా ఆయన పనిచేసేది ఇజ్రాయెల్‌లో. బాబు ఇంటికొచ్చినప్పటి నుంచి ఏవేవో అడుగుతున్నాడు" అన్నారు. మూడో ఆవిడ ఆ అమ్మాయి మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగారు. వారికి విడివిడిగా చెప్పిందే అందరికీ రాస్తున్నాను.

ఆ అమ్మాయి మన దగ్గర పది పూర్తిచేసి, హైదరాబాద్‌లో బీటెక్ చదివి, నీటి వనరుల ఇంజినీరింగ్ కోసం జర్మనీ వెళ్లింది. 2022 అక్టోబరులో, అంటే గాజా యుద్ధానికి ఏడాది ముందు, తోటి విద్యార్థులతో కలిసి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో పది రోజులు ఉంది. అక్కడి బెత్లెహేం ఊరి అంచున ఐదా అనే శరణార్థి శిబిరం ఉంది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లూ ఊళ్లూ విడిచిపోవలసి వచ్చింది. వారిలో కొందరి కోసం 1950లో ఏర్పడిన శిబిరం ఇది. శిబిరం అనగానే మన పిల్లలు గుడారాలు ఊహించుకున్నారు. గుడారాలు పోయి ఏనాడో సిమెంటు ఇళ్లు వచ్చాయి. సుమారు 17 ఎకరాల్లో ఐదు వేలమందికి పైగా ఉంటారు. పక్కకు జరగడానికి చోటు లేక ఇళ్లు పైకి పెరిగాయి. శిబిరం ముఖద్వారం మీద పెద్ద ఇనుప తాళంచెవి ఉంటుంది. వదిలి వచ్చిన ఇంటి తాళంచెవిని తాతల నుంచి మనవళ్ల దాకా దాచుకున్న కుటుంబాలకు అది గుర్తు. మన శ్రీరాంసాగర్ ముంపు గ్రామాల సంగతి కూడా ఇంతేనా అని ఒక పిల్ల అడిగింది. ఆ పోలిక కొంతవరకే సరిపోతుందని సోషల్ టీచర్ అక్కడే చెప్పారు.

అక్కడ ఒక ఇంట్లో వీళ్లకు భోజనం పెట్టారు. మక్లూబా అట. అన్నం, వంకాయ, కోడిమాంసం కలిపి వండి, గిన్నెను పెద్ద పళ్లెంలో బోర్లిస్తారు. భోజనాలయ్యాక ఆ ఇంటి తల్లి కూతురికి సైగ చేసింది. పదిహేనేళ్ల ఆ పిల్ల డాబా ఎక్కి, నల్ల ప్లాస్టిక్ ట్యాంకు మీద వేలి కణుపులతో పై నుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చింది. పైన డొల్ల చప్పుడు, కాస్త కిందికి వచ్చాక బరువైన చప్పుడు. శబ్దం మారిన చోట, అంటే నీళ్లున్న మట్టం దగ్గర, అరచెయ్యి ఆనించి, కిందికి తొంగి చూసి, "గిన్నెలు కడుక్కోవచ్చు, బట్టలు రేపు" అని అరిచింది. మన అమ్మాయి ఆ చప్పుడును బల్ల మీద కొట్టి మరీ వినిపించింది. నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

వేసవిలో ఐదాలో ఒక్కోసారి వారాల తరబడి కుళాయి రాదు. ఏడో తరగతి దాటని వాళ్లను రావద్దన్నా వచ్చి కూర్చున్న ఒక చిన్నవాడు లేచి, "మా ఇంటి మీదా ట్యాంకు ఉంది కదా అక్కా, తేడా ఏముంది?" అన్నాడు. "నీళ్లు రాకపోతే మీ నాన్న ఏం చేస్తారు?" అని మన అమ్మాయి ఎదురడిగింది. "సర్పంచ్‌ని అడుగుతాడు. లేకపోతే బోరు వేయిస్తాడు" అన్నాడు. 1995 నాటి ఒప్పందం ప్రకారం అక్కడ కొత్త బావి తవ్వాలన్నా ఇజ్రాయెల్ ఒప్పుకోవాలి. గట్టిగా నిలదీసి అడగడానికి ట్యాంకు కొట్టి చూసిన ఆ పిల్ల తండ్రికి సర్పంచ్ లాంటి వారెవరూ లేరు.

అక్కడ కలిసిన ఒక యువకుడు రమల్లా నగరం దగ్గరి బీర్జైత్ విశ్వవిద్యాలయ విద్యార్థి. బెత్లెహేం నుంచి అక్కడికి దగ్గరి దారి జెరూసలేం మీదుగా ఉంది. అనుమతి పత్రం లేనివాళ్లు ఆ దారిన పోకూడదు. వాదీ అల్ నార్, అంటే నిప్పుల లోయ, ఆ మెలికల దారిలో చుట్టు తిరిగి, మధ్యలో తనిఖీ కేంద్రం దాటి వెళ్లాలి. అతను ఎక్కేది 'సర్వీస్' అనే షేర్ ట్యాక్సీ. వెనక కూర్చున్నవాళ్లు డబ్బులు ముందువాళ్లకు అందిస్తే అవి చేతులు మారుతూ డ్రైవరుకు చేరతాయి, చిల్లర అలాగే వెనక్కి వస్తుంది. మన షేర్ ఆటోలు గుర్తొచ్చి పిల్లలు నవ్వారు. తనిఖీ దగ్గర ఎంతసేపు ఆపుతారో తెలియక పరీక్ష రోజుల్లో ముందు రాత్రే వెళ్లి స్నేహితుడి గదిలో పడుకుంటాడని చెప్పాక నవ్వు ఆగింది.

ఇక రాజకీయాల ప్రశ్న. మన దేశం 1988లో పాలస్తీనాను గుర్తించింది, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఇద్దరితోనూ మాట్లాడే దేశంలో ఉంటూ మన పిల్లలు ఒక పిల్ల మాట వింటే తప్పేమిటో నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి ఏదీ దాచలేదు. ఆత్మాహుతి దాడులను ఆపడానికే 2002 నుంచి వెస్ట్ బ్యాంక్ వెంబడి గోడ కడుతున్నామని ఇజ్రాయెల్ చెబుతుందనీ, పాలస్తీనా భూమిలో కట్టిన గోడ చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో అభిప్రాయపడిందనీ రెండూ చెప్పింది. 2023 అక్టోబరు 7న గాజాను పాలిస్తున్న సాయుధ సంస్థ హమాస్ ఇజ్రాయెల్‌పై చేసిన దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారని చెప్పింది. ఆ తరవాత గాజాలో పదుల వేలమంది చనిపోయారనీ, వారిలో చిన్నపిల్లలు ఎందరో ఉన్నారనీ చెప్పింది. మన ఇంటర్ లాంటి 'తౌజీహీ' పరీక్షను 2024లో గాజాలో సుమారు 39,000 మంది రాయలేకపోయారు. మామూలు ఏడాదుల్లో ఆ ఫలితాలు వచ్చిన రోజు పాలస్తీనా వీధుల్లో బాణసంచా కాలుస్తారు, మిఠాయిలు పంచుతారు. పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు.

చివర్లో లేచిన అబ్బాయి తండ్రి ఇజ్రాయెల్‌లోని రమత్ గన్‌లో ఒక వృద్ధుడికి కేర్ గివర్‌గా ఉన్నారు. నిజామాబాద్, జగిత్యాల జిల్లాల నుంచి అలా వెళ్లినవారు చాలామంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్ మీద ఇరాన్ క్షిపణులు పడిన రోజుల్లో ఆ పిల్లవాడు బడికి వచ్చినా పాఠం విన్నది లేదు. వాడు అడిగాడు: "సైరన్ మోగితే మా నాన్న షెల్టర్‌లోకి పోతాడు. ట్యాంకు కొట్టి చూసిన అక్కకు షెల్టర్ ఉందా?" లేదంది మన అమ్మాయి. వాడు కూర్చోలేదు. అప్పుడు తను ఒక సంగతి చెప్పింది. రమల్లా దగ్గర కొండ మీద ఒక రాత్రి బీర్జైత్ కుర్రాడు దూరంగా మెరిసే దీపాలు చూపించి, అది టెల్ అవీవ్, దాని వెనక సముద్రం, నేనింకా చూడలేదు అన్నాడట. "మా నాన్న ఉండే ఊరు కూడా ఆ దీపాల్లో ఉంటుందా అక్కా?" అన్నాడు మనవాడు. టెల్ అవీవ్‌ను ఆనుకునే ఉంటుంది కాబట్టి ఉండే ఉంటుందని చెప్పింది.

ఆదివారం ఆ బాబు తల్లితో మాట్లాడాను. తండ్రితో వీడియో కాల్ చేయించారట, ఆయన షెల్టర్ తలుపు తెరిచి చూపించారట. అభ్యంతరం ఉన్నవారు, లేనివారు కూడా రెండో శనివారం ఉదయం పది గంటలకు నా గదికి రండి. పిల్లలు రాసిన ప్రశ్నలన్నీ బల్ల మీద ఉంచుతాను. సగానికి పైగా నీళ్ల గురించే. మూడో అంతస్తు కుళాయి మరమ్మతు ఎప్పుడని అడిగిన చీటీ కూడా ఉంది, ఆ పని ఈ వారమే చేయిస్తున్నాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు