అతుకుపని ఎవరి చేతిలో ఉంటుంది?

ప్రియమిత్రమా,

మీ ఊరి ఆడవాళ్లు లేసు అల్లికలకు సొంత సంఘం పెట్టుకోబోతున్నారని, లెక్కలు చూసిపెట్టమని మీ అక్కగారు నిన్ను అడిగారని చదివి ఎంతో సంతోషించాను. తప్పకుండా ఒప్పుకో. అయితే మొదటి సమావేశంలో సభ్యత్వ రుసుము కన్నా ముందు అతుకుపని గురించి, అంటే విడివిడిగా అల్లిన ముక్కలను కలిపే పని గురించి మాట్లాడమని నా మనవి.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివారిని దగ్గరగా పరిశీలించి, 1982లో పుస్తకం ప్రచురించిన సంగతి నీకు తెలిసిందే. ఏజెంటు దారం ఇంటికి పంపుతాడు. ఒకామె పువ్వులే అల్లుతుంది, ఇంకొకామె అంచులే అల్లుతుంది, వాటిని కలిపే అతుకుపని మరెక్కడో జరుగుతుంది. అందుకే ఏళ్ల తరబడి అల్లినా తన పువ్వు ఏ బల్లగుడ్డలో చేరిందో, అది ఎంతకు అమ్ముడైందో ఆమెకు తెలియదు. గంటల కొద్దీ కూర్చున్నా వచ్చేది పొలం కూలి కన్నా తక్కువ. పైగా అది గృహిణి తీరిక వేళల్లో చేసుకునే పనేనని అందరూ అనే మాట ఒకటి! ఆ మాటే ఇన్నాళ్లూ ధరను అణిచిపెట్టిందని నా నమ్మకం.

ఇక్కడ బెంగళూరు చిత్రకళా పరిషత్ ఆవరణలో జరిగిన మేళాలో బళ్లారి వైపు నుంచి వచ్చిన లంబాణీ (లంబాడీ) మహిళల దుకాణం చూశాను. ఒకామె సంచిని లోపలి వైపుకు తిప్పి, అద్దం చుట్టూ వేసిన కుట్టు చూపించి, గుడ్డకెంత, దారానికెంత, గవ్వలకెంత, తన కూలి ఎంత అన్నది తడుముకోకుండా తెలుగులోనే చెప్పింది. అదే జిల్లాలోని సండూరు కుశల కళా కేంద్రానికి చెందిన 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1,755 వస్తువులను 2023 జులైలో హంపిలో ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. అది గర్వించదగినదే, కానీ నన్ను కదిలించింది ఆ ధర చెప్పిన తీరు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానివల్ల పేరుకు రక్షణ దొరుకుతుంది గానీ, అల్లిన చేతికి ఎంత ముట్టాలో అది నిర్ణయించదు. ఆ పని సంఘమే చేయాలి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైతే, ప్రభుత్వ వాటా ధనం లేకుండా సభ్యులే తమ సంఘాన్ని నడుపుకోవచ్చు. దారం కలిసి కొనండి, ప్రతి సభ్యురాలికీ అతుకుపని కూడా నేర్పించండి, డబ్బు ఆమె సొంత ఖాతాలోనే వేయండి. అన్నిటికన్నా ముఖ్యం, సరుకు అప్పగించిన రోజునే కూలి చెల్లించడానికి కొంత మూలధనం విడిగా ఉంచండి. కొనుగోలుదారు నెలల తర్వాత చెల్లిస్తే సంఘం తట్టుకోవచ్చు గానీ, పిల్లవాడి ఫీజు కట్టవలసిన తల్లి తట్టుకోలేక మళ్లీ ఏజెంటు గుమ్మమే ఎక్కుతుంది.

నియమావళి ముసాయిదా తయారు కాగానే నాకు పంపు. ధర నిర్ణయించే కమిటీలో సూది పట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారో ముందుగా అదే చూస్తాను. అక్కగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ మిత్రుడు